గోడ మీది బంతిపూలు

పలాస బస్టాండుకి ఎదురు గోడ మీద మా పిన్ని బొమ్మ వేశారు. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి ఇల్లు నడుపుతూ, కిడ్నీలు పాడైన బాబాయిని డయాలసిస్‌కి తిప్పే మనిషి ఆవిడ. అలాంటి ఆడవాళ్లను గౌరవించాలని పట్నం నుంచి వచ్చిన చిత్రకారులు ఆవిడను ఎంచుకున్నారు. బొమ్మ బాగానే కుదిరింది. పిక్కల రసానికి నల్లబడ్డ వేళ్లను కూడా వదల్లేదు. చివరికి అందం కోసమని ముఖం చుట్టూ బంతిపూల దండ గీశారు.

నాకు ఒళ్లు మండింది. మా ఉద్దానంలో గోడ మీద ముఖం, దాని చుట్టూ దండ కనబడిందంటే ఆ మనిషి పోయినట్టే. కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ల ఫ్లెక్సీలు ఏ సెంటర్లో చూసినా అలాగే ఉంటాయి. దండ తీసెయ్యమంటే, బొమ్మకి కళ అదేనన్నారు. ఓ రోజు గుడ్డ తడిపి నేనే తుడిచి చూశాను. రంగు కదల్లేదు. అప్పట్నుంచి ఆ దారిన వెళ్తే నాకు స్థిమితం ఉండదు.

మొన్న పిన్నితో, బాబాయితో కలిసి ఆటోలో ఆసుపత్రికి వెళ్తున్నాను. గోడ రాగానే మా ఎదురుగా కూర్చున్న ముసలామె బొమ్మకి దణ్ణం పెట్టింది.

"పాపం, ఎప్పుడు పోనాదో" అంది.

నేను నోరు తెరవబోతే పిన్ని నా మోకాలు నొక్కింది. కొంగు ముఖం మీదికి లాక్కుని, మామూలుగానే చెప్పింది.

"పోనేదమ్మా. దానికి సావడానికి ఖాళీ ఏదీ? మొగుణ్ణి ఆసుపత్రికి తీసుకెల్తంది."