ఒకే సున్నం

కోస్గిలో చలికాలం తెల్లవారితే చాలు, కౌన్సిలర్ స్వర్ణలత చీర మీద స్వెటర్ తొడుక్కుని, కొంగు బొడ్లో దోపుకుని, షటిల్ బ్యాటుతో వీధి చివరి ఖాళీ జాగాకు వచ్చేది. ఆట గీతలు తనే సున్నంతో గీసేది. వార్డు పనులకూ అదే సున్నం, అదే చేయి. ఏళ్లుగా అందరూ అడుగుతున్న మురుగు మోరికి కూడా ఆ జాగా అంచున ఆమే గీత గీసింది. మర్నాడు వచ్చి చూస్తే, జేసీబీ సరిగ్గా నెట్టు కట్టే గీత వెంట కాలువ తవ్వేసింది.

"గీత మీదనే తవ్విన గదక్కా!" అన్నాడు డ్రైవర్ శ్రవణ్, బిక్కమొహం వేసి.

"పూడ్పియ్యి వదినా! మన ఆట పాయె," అంది జోడీ ఆడే రాజమణి.

పూడ్పిస్తే మోరి మళ్లీ ఎండాకాలానికే. జేసీబీ సాయంత్రం మక్తల్ పోవాలి, పూడ్చి మళ్లీ తవ్వేంత టైం లేదు. స్వర్ణలత తాగడానికి తెచ్చుకున్న సీసాలో నీళ్లన్నీ కాలువలో ఒంపింది. అవి బుద్ధిగా కల్వర్టు వైపే పారాయి. ఆమె ముఖం విచ్చుకుంది.

"మోరి గిట్లనే ఉండనీ. మీద బండలేస్తే మళ్ల మన జాగనే. అందాక నెట్టు కట్టే పని తప్పింది. నువ్వు అవతలికి పో రాజమణీ!"

శ్రవణ్ మెల్లగా బండెక్కబోయాడు.

"నువ్వెటు పోతున్నవ్ తమ్మీ? ఒక్క ఆట అయ్యేదాక కాలువల దిగు. పడ్డ షటిల్ కాకు అందిచ్చుడు నీ పని."