చిలక కోసం వేటపాలెం దాకా

గురువారం ఉదయం ఆరుంబావుకి గుంటూరు బస్టాండులో అద్దంకి బస్సెక్కాను. ముప్పై ఒక్క ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయినవాణ్ణి. ఎక్కగానే తలలు లెక్కపెట్టే అలవాటు ఇంకా పోలేదు. ముప్పై ఎనిమిది మంది ఉన్నారు, అందులో ఇరవై ఆరుగురు ఆడవాళ్లు. వాళ్లకిప్పుడు టిక్కెట్టు ఉచితం కాబట్టి పొద్దున్నే బస్సులన్నీ కళకళలాడుతున్నాయి. నా ప్రయాణం మాత్రం గుడికీ కాదు, పెళ్లికీ కాదు. నా ఎడమ చేతి మీద ఏ పచ్చబొట్టు వేయించుకోవాలో తేల్చుకోవడానికి బయల్దేరాను. అరవై రెండేళ్లవాడికి టాటూ ఏమిటని మీరు నవ్వితే నవ్వండి. మా ఇంట్లోవాళ్లు నవ్వుతారనే వాళ్లకి చెప్పలేదు.

నా భార్య రమణమ్మ పోయి గత నెలకి ఏడాదయింది. ఆమె ఎడమ చేతి మీద, మణికట్టుకి నాలుగు వేళ్ల పైన, చిలక పచ్చబొట్టు ఉండేది. పెళ్లికి ముందు వేటపాలెంలో, పుట్టింట్లో ఉన్నప్పుడు పొడిపించుకుంది. సంవత్సరీకం అయ్యాక ఆ చిలక నా చేతి మీద కూడా ఉంటే బాగుండుననిపించింది. ఎందుకనిపించిందో నన్నడగొద్దు. అనిపించింది, బ్రాడీపేటలో ఒక టాటూ షాపుకి వెళ్లాను.

ఆ షాపాయనకి ముప్పై అయిదేళ్లుంటాయి. చేతుల నిండా బొమ్మలే. మొదట అడిగింది డిజైను సంగతి కాదు. "మిర్చి యార్డుకి వెళ్తారా బాబాయ్? ఇంట్లో కాయలకి తొడిమలు తీస్తారా?" అన్నాడు. కొత్త టాటూ మీద కారం ధూళి పడితే ఏమవుతుందో వర్ణించి చెప్పి, మూడు వారాలు మిర్చి జోలికి పోనని మాట తీసుకున్నాక గానీ కుర్చీ చూపించలేదు. యార్డులో పనిచేసేవాళ్లని సీజనులో వెనక్కి పంపేస్తాడట. మనిషి మీద నాకు గురి కుదిరింది.

తర్వాత ఒక లావుపాటి పుస్తకం చేతిలో పెట్టి, మీకు నప్పేది చూసుకోండి అన్నాడు. సింహం, త్రిశూలం, రెక్కలు, గడియారం, గుండె కొట్టుకునే గీత. సింహం నాకేం నప్పుతుంది, డిపో మేనేజరుకి ఒక్కరోజు ఎదురు చెప్పినవాణ్ణి కాదు. చిలక కావాలన్నాను, మా ఆవిడకి ఉన్నటువంటిది. క్షణంలో నాలుగు చిలకలు గీసి ముందు పెట్టాడు. ముక్కు ఎటు తిరిగుంది, తోక పొడుగా, పొట్టా, కొమ్మ మీదుందా, ఎగురుతోందా అని ఒక్కొక్కటే అడిగాడు. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. ఫోటో ఉంటే తెండి, శనివారం వేసేద్దాం అన్నాడు.

ఇంట్లో ఉన్న ఆల్బములన్నీ తిరగేశాను. ఒక్క ఫోటోలోనూ ఆ చోటు కనపడలేదు. గాజులో, కొంగో, ఎత్తుకున్న పిల్లో అడ్డం. అప్పుడు భయమేసింది. మనిషి ఎలాగూ పోయింది. ముప్పై నాలుగేళ్లు రోజూ చూసిన బొమ్మ కూడా నా తలలోంచి పోతోంది. తెలిసినవాళ్లెవరైనా మిగిలి ఉంటే వాళ్లని అడగాలి, అది కూడా శనివారం లోపల. మొదట గుర్తొచ్చింది అద్దంకిలో ఉన్న మరదలు.

ఏడుంబావుకి చిలకలూరిపేట. స్పిన్నింగు మిల్లుల దగ్గర పత్తి లారీలు అడ్డంగా నిలబడి ఉంటే బస్సు పావుగంట కదల్లేదు. నా పక్కన అరవై దాటిన ఒకావిడ కూర్చుంది, మిల్లులో పనట. ముంజేతి నిండా పచ్చబొట్లు. ఉండబట్టలేక, ఆ బొమ్మలేమిటో ఒకసారి చూడొచ్చా అని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నా తెల్ల వెంట్రుకల మీద నమ్మకం పెట్టుకుని చెయ్యి చాపింది. తులసికోట, దాని చుట్టూ చుక్కలు. మీరే ఎంచుకున్నారా అన్నాను.

"నన్నెవరడిగారండి? మా అమ్మ రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది, వాళ్లు పొడిచారు. నాకైతే నెమలి మీద ఉండేది," అంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ నెమలి మీద మనసు పోయినట్టు లేదు. మిల్లు గేటు దగ్గర దిగిపోయింది.

మార్టూరు దాటాక రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. కిటికీలు మూసుకోమని కండక్టరు చెప్పాలి, చెప్పలేదు. బస్సంతా తుమ్ములు. నేనయితే కల్లాలు రాకముందే చెప్పేవాణ్ణి. తొమ్మిదింటికి అద్దంకి చేరాం.

మరదలు వరలక్ష్మి, వాళ్లాయన బస్టాండుకి దగ్గర్లోనే విత్తనాల కొట్టు నడుపుతున్నారు. విషయం చెప్పగానే ఆమె ఆశ్చర్యపోయింది. "చిలకేంటి బావా? అక్క చేతి మీద ఉన్నది తేలు కదా!" అంది. తేలని నేను ఒప్పుకోలేదు, చిలకని ఆమె ఒప్పుకోలేదు. భోజనాల దగ్గర కూడా అదే వాదన. దోసకాయ పప్పు, గోరుచిక్కుడు వేపుడు, చల్ల మిరపకాయలు. వడ్డిస్తూనే తేలు కొండి గాల్లో గీసి చూపించింది. చివరికి, అక్కది వేసేనాటికి తనకి అయిదేళ్లని ఒప్పుకుని, ఖాసింబీని అడగమంది. ఖాసింబీ, రమణమ్మ పెళ్లికి ముందు ఒకే జీడిపప్పు బట్టీలో పనిచేసిన స్నేహితులు. ఇప్పటికీ వేటపాలెంలో బట్టీకి వెళ్తోందట. ఏటా అక్క వేటపాలెం వెళ్లేది ఆమె కోసమే కదా అంది వరలక్ష్మి. నేనేమో వాళ్ల పెదనాన్న ఇంటికనుకునేవాణ్ణి.

ఒంటిగంటన్నరకి ఇంకొల్లు మీదుగా వెళ్లే బస్సు పట్టుకుని మూడుంబావుకి చీరాలలో దిగాను. ఆ వేళకి బట్టీ కట్టేసే టైమవుతుందని చెప్పారు. స్టేషనుకి దగ్గర్లో లాడ్జి, ఏడు వందలు. ఫ్యాను బాగా తిరిగింది, నీళ్లు వచ్చాయి, ఇంతకంటే చెప్పడానికేం లేదు.

శుక్రవారం ఎనిమిదింటికి ఇడ్లీ తిని షేర్ ఆటో ఎక్కితే ఇరవై నిమిషాల్లో వేటపాలెం. ఊరింకా రాకముందే కాల్చిన జీడిపిక్కల వాసన వచ్చింది. బట్టీ అంటే పెద్ద ఫ్యాక్టరీ కాదు, ఒక రేకుల షెడ్డు. డజను మంది ఆడవాళ్లు. కొందరు పిక్కలు పగలగొడుతున్నారు, కొందరు పప్పుకి పొర తీసి విరగని గుండు ఒక బుట్టలో, చీలిన బద్ద ఒక బుట్టలో వేస్తున్నారు. పగలగొట్టేవాళ్ల చేతులు బూడిద పూసుకుని తెల్లగా ఉన్నాయి. ఎందుకని మేస్త్రిని అడిగాను. పిక్క తొక్కలో నూనె ఉంటుందట, చర్మానికి తగిలితే బొబ్బలెక్కి మచ్చ పడిపోతుందట. పచ్చిపిక్క కొరికి మూతి కాల్చుకోని పిల్లలు ఈ ఊళ్లో ఉండరన్నాడు.

ఖాసింబీ బద్దలు ఏరుతోంది. రమణమ్మ ఈడే, బక్కపలచటి మనిషి. నన్ను చూడగానే గుర్తుపట్టి లేచి నిలబడింది. రమణమ్మ పోయిన రోజు తనూ వచ్చిందట. ఆ రోజు ఎవరొచ్చారో నాకేం గుర్తు లేదు. షెడ్డు బయట బెంచీ మీద కూర్చోబెట్టి టీ తెప్పించింది. నేను టాటూ షాపు దగ్గర్నుంచి తేలు దాకా అంతా చెప్పి, ఆ చిలక ఎలా ఉండేదో మీరే చెప్పాలమ్మా అన్నాను.

ఆమె ముందు నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుంది. ఎడమ చేతి మీద పొడుగు చేతుల జాకెట్టు పైకి మడిచింది.

మణికట్టుకి నాలుగు వేళ్ల పైన బొమ్మ ఉంది. పచ్చబొట్టు కాదు. కాలిన మచ్చలు, గోధుమరంగు చుక్కలు. వాటిని కలుపుకుని చూస్తే గుండ్రటి ఒళ్లు, వంకర ముక్కు, పక్కకి వాలిన తోక. గుంటూరులో ఎంత తన్నుకున్నా గుర్తురానిది, చూడగానే పూర్తిగా గుర్తొచ్చింది. ఇదే, ఈ చిలకే అన్నాను.

"చిలక కాదన్నయ్యా. జీడిపండు," అంది ఖాసింబీ.

అప్పుడు చెప్పింది. ఇద్దరికీ పదహారేళ్లప్పుడు సూదులతో పచ్చబొట్లు పొడిచే ఒకావిడ బట్టీ దగ్గరకి వచ్చిందట. ఆవిడకి వచ్చినవి తులసికోట, తేలు, రాములవారి పాదాలు. వీళ్లిద్దరూ మాకు జీడిపండు కావాలని పట్టుబట్టారు. జన్మలో వేయని బొమ్మ కావడంతో ఆవిడ పండు కింద వేలాడే పిక్కని మరీ వంకర తిప్పేసింది, రెండాకులూ ఒక పక్కకి పోయాయి. రమణమ్మది అయ్యాక ఖాసింబీ చెయ్యి వెనక్కి తీసుకుంది. తమవాళ్లలో పచ్చబొట్టు కూడదు, తెలిస్తే నాన్న ఊరుకోడు. కానీ మర్నాటికి మనసు ఆగలేదు. ఎవరూ లేనప్పుడు రమణమ్మ చెయ్యి పక్కన పెట్టుకుని, పుల్లని పిక్క నూనెలో ముంచి, చుక్క చుక్కగా అదే బొమ్మ తన చేతి మీద దించుకుంది. సూది తగల్లేదు కాబట్టి ఇది పచ్చబొట్టు కాదని ఆమె లెక్క. సాయంత్రానికి చెయ్యంతా బొబ్బలు. పది రోజులు జ్వరం. ఆ పది రోజులూ రమణమ్మ పని మానేసి వాళ్లింట్లో కూర్చుని కొబ్బరినూనె రాసి, అన్నం కలిపి తినిపించింది.

ఇదంతా మా ఆవిడ నాకెప్పుడూ చెప్పలేదే అన్నాను. నా గొంతులో కొంచెం కోపం కూడా ఉందేమో.

"మీ పెళ్లయిన నెలకి వచ్చింది. మా ఆయన దీన్ని చూసి చిలక అన్నాడే, చిలకా అని పిలుస్తున్నాడు, జీడిపండని చెప్పనా మాననా అనడిగింది. పిచ్చిదానా, చెప్పమాక అన్నా."

నిజమే, పిలిచేవాణ్ణి. పెళ్లయిన కొత్తలో రెండేళ్లు చిలకా అనే పిలిచాను. ఒకసారి ఆమె డిపోకి క్యారేజీ తెస్తే, చిలకా ఇటు అని గట్టిగా కేకేశాను. తోటివాళ్లు విన్నారు. వారం రోజులు నన్ను చిలక కండక్టరన్నారు. ఆ రోజుతో పిలుపు మానేశాను. తర్వాతంతా ఏమే, ఇదిగో. ఆమె ఏమీ అనలేదు కాబట్టి గమనించలేదనుకున్నాను.

ఖాసింబీ ఖాళీ గ్లాసులు పక్కన పెట్టింది. "మానేశాడే అని చెప్పింది అన్నయ్యా ఒకసారి. మానేశాడుగా, ఇంక జీడిపండని చెప్పెయ్యి అన్నా. వద్దులే ఖాసిం, మళ్లీ ఎప్పుడన్నా పిలుస్తాడేమో అంది," అని చెప్పింది.

నాకు సిగ్గేసింది. అరవై రెండేళ్లలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. ముప్పై ఏళ్లకి పైగా ఒక మనిషి నా పక్కన ఉండి ఒక్క మాట కోసం ఎదురుచూసింది. నేనేమో బస్సులో ఎంతమంది దిగారో, ఎంతమంది ఎక్కారో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. బట్టీలో ఆడవాళ్లు చూస్తున్నా కళ్లు తుడుచుకున్నాను.

కాసేపటికి ఫోను తీసి, ఆ మచ్చని ఒక ఫోటో తీసుకుంటానన్నాను. అందుకే కదా వచ్చింది. ఖాసింబీ చేతి మీదకి జాకెట్టు దించేసుకుంది.

"ఏమీ అనుకోవద్దు. ఇది మా ఇద్దరిది, ఇది ఇవ్వలేను," అంది. నాకు ఒళ్లు మండింది. మొగుణ్ణి నేను, ఇంత దూరం వచ్చాను, ఒక్క ఫోటోకి ఇంత పట్టుదలా అనుకున్నాను. పైకి అనలేదు గానీ నా మొహం చూసి కనిపెట్టింది. కోపం తెచ్చుకోకుండా, నిదానంగా చెప్పింది. "చిలక మీ ఒక్కరికే కనబడిందన్నయ్యా. అది మీది. అది పొడిపించుకోండి."

వద్దంటున్నా వినకుండా పావుకిలో బద్దలు పొట్లం కట్టి చేతిలో పెట్టింది. గేటు దాకా వచ్చి, మీ అమ్మాయి బాగుందా అని అడిగి, పనిలోకి వెళ్లిపోయింది.

చీరాలలో పన్నెండున్నరకి బండి. తెనాలిలో మారాలి. బాపట్ల దాకా నిలబడ్డాను, తర్వాత కిటికీ పక్క సీటు దొరికింది. ఎదురుగా ఒక కాలేజీ అమ్మాయి మెడ వెనక మూడు చిన్న పిట్టలు వేయించుకుని కూర్చుంది. ఏ బొమ్మ ఎవరికి నప్పుతుందని వారం నుంచి తెగ ఆలోచించాను. ముక్కు పొడుగా, తోక పొట్టా అన్నది అసలు సంగతే కాదని ఈ రెండు రోజుల తిరుగుడులో నాకు అర్థమైంది. ఎవరైనా వాళ్లావిడదో, వాళ్లాయనదో బొమ్మ వేయించుకోదలిస్తే, ముందు వాళ్ల స్నేహితుల్ని ఒకసారి చూసి రండి. తిరుగు బండిలో మాత్రం బాపట్ల దాకా నిలబడాల్సి రావచ్చు.

తెనాలిలో గుంటూరు బండి కోసం కూర్చున్నప్పుడు టాటూ షాపుకి ఫోను చేశాను. ఫోటో దొరికిందా బాబాయ్ అన్నాడు. దొరకలేదు, అక్కర్లేదు కూడా, నువ్వు గీసిన చిలకల్లో ఏదో ఒకటి వెయ్యి, చూడగానే చిలక అని తెలిస్తే చాలన్నాను. రేపు పదకొండింటికి రమ్మన్నాడు. పెట్టేయబోతూ, కింద ఆంటీ పేరు రాయాలా, చాలామంది రాయించుకుంటారు అన్నాడు.

"వద్దయ్యా," అన్నాను. "చిలకే ఆవిడ పేరు."