పటంలోని గుర్రం

ఆయన ఆ పటం తుడిచిన ప్రతిసారీ, అందులో ముందున్న గుర్రం మెడను అద్దం మీదనుంచే నిమిరి, "పైలం బిడ్డా, పడతవ్" అనేవాడు.

కొల్లాపూర్‌లో సంస్థానం పోయాక దొరల పాత బంగళాలో మా బడి నడిచేది. నేను డ్రాయింగ్ మాస్టర్ని. ఆయన ఒకప్పుడు దొరల గుర్రాలను సాకి, అప్పటికి బడి ఊడుస్తున్న ముసలాయన. గోడమీది ఇంగ్లండు పటంలో ఎర్రకోట్ల తెల్లదొరలు గుర్రాలెక్కి నక్కను తరుముతుంటారు. గుర్రాలన్నీ ముందుకాళ్లు ముందుకు, వెనకకాళ్లు వెనక్కి చాచి గాలిలో తేలుతుంటాయి. అంత అందమైన పరుగు నేనెక్కడా చూడలేదు. నెలరోజులు కూర్చుని పెన్సిల్‌తో దానికి నకలు గీశాను.

చూపిస్తే ఆయన తల అడ్డంగా ఊపాడు. "గుర్రం గట్ల ఉరకది సారూ. నాలుగు కాళ్లు గాలిల ఉన్నప్పుడు వాటిని కడుపు కిందికి ముడుసుకుంటది."

నాకు ఒళ్లు మండింది. "గింత పెద్ద పటం గీసినోళ్లకు తెల్వదా తాతా?"

ఆయన కళ్లు మూసుకుని బల్లమీద వేళ్లతో గుర్రం పరుగు వాయించాడు. నాలుగు దెబ్బలు, ఒక చిన్న నిశ్శబ్దం, మళ్లీ నాలుగు దెబ్బలు. ఆ నిశ్శబ్దం వచ్చినప్పుడల్లా చెయ్యి పైకి లేచి, వేళ్లన్నీ అరచేతి కిందికి ముడుచుకునేవి. నేను చూస్తుండగానే ఆ ఎండిన చెయ్యి గుర్రమైపోయింది.

నా బొమ్మలో కాళ్లు చెరిపి, ఆ చేతిని చూస్తూ మళ్లీ గీశాను. ఆయన వంగి నా గుర్రం మెడ నిమిరాడు. ఈసారి పైలం అనలేదు.

"ఉరుకు బిడ్డా" అన్నాడు.