పదకొండు ఖాళీ గడులు

మా పక్కింటి అక్క గత నెలలో పోయింది. ఈ మరాఠీ ఊళ్లోని తెలుగువాళ్ల పేట, దాజీ పేట్‌లో మా రెండిళ్లకూ ఒకటే అరుగు. ఆ పొద్దున ఆమె కోడలు వచ్చి, "బాయీ, అత్త లేస్త లేదు" అంది. నేను వెళ్లేసరికి, రాత్రి తడిపి గుడ్డలో చుట్టిపెట్టిన బీడీ ఆకు ఇంకా చల్లగా ఉంది. ఆమె చెయ్యి కూడా.

ముప్పై నాలుగేళ్లు తెలుగు బడిలో పాఠాలు చెప్పాను కాబట్టి పేటంతా నన్ను బాయి, అంటే పంతులమ్మ, అనే పిలుస్తుంది. అక్క బడి ముఖం చూడలేదు. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. పొగాకు పొడి అరుగంతా పడుతోందని నేను రోజూ తగువాడేదాన్ని. "చీర మీద ఇంత పొడి పడితె నీకు పాఠం యాదికి రాదా బాయి?" అనేది. పొడి పడుతూనే ఉండేది.

ఇరవై నాలుగేళ్ల కిందట మా అమ్మాయి అత్తవారింటి నుంచి దెబ్బలతో తిరిగి వచ్చి, విడాకులకు కోర్టుకెక్కింది. నేను మాత్రం కోర్టు మెట్లు ఎక్కనన్నాను. ఆమె వాయిదాకు వెళ్లిన రోజుల్లో నేను బడికి వెళ్లాను. తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చింది. నేను కరెంటు బిల్లులు కూడా ఏడాది వారీగా కట్టగట్టి దాచే మనిషిని. ఆ ఒక్క కాగితాన్ని మాత్రం, ఎవరి కంటా పడకూడదని, చదవకుండానే నీళ్ల పొయ్యిలో పెట్టాను.

రెండేళ్ల కిందట, నలభై ఆరేళ్ల వయసులో, మా అమ్మాయి మళ్లీ పెళ్లి చేసుకుంటానంది. ఆయన మరమగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడు. భార్య పోయింది. నెమ్మదైన మనిషి. ఈసారి నేను అడ్డు చెప్పలేదు. కానీ పెళ్లి నమోదు చేసే ఆఫీసులో, పాత విడాకుల తీర్పు నకలు కోర్టు ముద్రతో తెస్తేనే పని జరుగుతుందన్నారు.

విడాకుల పనులన్నీ ఇప్పుడు అక్కడేనంటే ఫ్యామిలీ కోర్టుకు వెళ్లాం. కంప్యూటర్‌లో పేర్లు కొట్టి చూసి, లేదన్నారు. కేసు నంబరు చెప్పమన్నారు. తెలియదు. పోనీ ఏ ఏడాది, తీర్పు ఏ తారీఖున వచ్చింది? అదీ మాకిద్దరికీ సరిగా గుర్తు లేదు. మా వకీలు ఎప్పుడో పోయాడు. మూడుసార్లు తిరిగాక మా అమ్మాయి అరుగు మీద కూలబడి, "పోనీ తియ్యమ్మా, ఇంక వద్దు. నా రాత గింతే అనుకుంట" అంది. తప్పు ఆమెది కాదు, పొయ్యిలో పెట్టింది నేను.

అక్క ఆకు కోసే కత్తెర ఆపకుండానే అంది: "ఇంత సదువుకున్నవ్, గీ ముచ్చట తెల్వదా బాయి? అప్పుడు మన ఊర్ల గీ ఫ్యామిలీ కోర్టు ఏడున్నది? పోరి కేసు జిల్లా కోర్టుల నడ్చింది. ఆడ పాత రికార్డుల గదిల అడుగాలె."

"నీకెట్ల తెలుసక్కా?"

ఆమె లోపలికి వెళ్లి ఒక రేకు డబ్బా తెచ్చింది. నిండా బీడీ కంపెనీ పుస్తకాలు. రోజుకు ఎన్ని బీడీలు ఇచ్చిందో కంపెనీ గుమాస్తా రాసే పుస్తకాలవి. పింఛనుకు పనికొస్తాయని ఒక్కటీ పారేయలేదు. అట్ట చూసి పోల్చుకుని ఒకటి తీసింది. "గిది సూడు. ఈ ఏడు నాకు జరం రాలె, ఇంట్ల పెండ్లి గాలె. ఖాళీ గడులన్నీ పోరి తారీఖులే."

సెలవులు తీసేసి లెక్కపెట్టాను. పదకొండు.

"నువ్వు దాని ఎంబడి పోయినవా?"

"నీకు ఇస్కూలుండె. పోరి ఒక్కతె ఎట్ల పోతది? ఆడ బల్ల మీద కూసోని బీడీలు చుడ్తనంటె జవాను మొత్తుకున్నడు. లేకుంటె గా గడులు గూడ నిండుతుండె."

మా అమ్మాయి తల వంచుకుంది. నాకు కోపం వస్తుందని ఇద్దరూ ఇన్నేళ్లు చెప్పలేదు.

మర్నాడు అర్జీ మరాఠీలో నేనే రాశాను. ఇద్దరి పేర్లు, సంవత్సరం, చివరి ఖాళీ గడి తారీఖు, నకలు ఎందుకు కావాలో కారణం. మా అమ్మాయి సంతకం, ఆధార్ జిరాక్సు, కోర్టు ఫీజు స్టాంపు. అక్క మరొకటి చెప్పింది: "తీర్పొక్కటే గాదు, దినందినం రాసిన కాయితం గూడ అడుగు." దాన్ని రోజ్‌నామా అంటారు, ప్రతి వాయిదా అందులో ఉంటుంది. జిల్లా కోర్టు రికార్డు గదిలో గుమాస్తా తారీఖు చూసి, ఇది చాలు అన్నాడు. పాత రిజిస్టరు దించి కేసు నంబరు పట్టుకున్నాడు. పన్నెండో రోజున రెండు నకళ్లూ, ఊదా రంగు ముద్రతో, చేతికి వచ్చాయి.

రోజ్‌నామానూ బీడీ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి సరిచూశాను. పదకొండు తారీఖులు, పదకొండు గడులు. ఒక్కటీ తప్పలేదు.

తర్వాత తీర్పు చదివాను. అరుగు మీదే, పైకి, ప్రతి వాక్యానికీ తెలుగు చెబుతూ. భర్త మోపిన నిందలు ఒక్కటీ రుజువు కాలేదు. ఆమె పడ్డ హింస రుజువైంది. నేను సిగ్గుపడి కాల్చిన కాగితంలో ఉన్నది నా బిడ్డ గెలుపు. చుట్టుపక్కల అరుగుల మీద బీడీలు చుట్టేవాళ్ల కత్తెరలు ఆగిపోయాయి.

"మల్లోసారి సదువు బాయి," అంది అక్క. "ఎన్కింటోళ్లకు ఇనబడలె."

మళ్లీ చదివాను, బడిలో వెనక బెంచీకి వినబడేటట్టు.

పెళ్లి నమోదైన రోజున మొదటి సాక్షి ఆమే. ఏళ్ల తరబడి ఆకు మడిచి అరిగిన వేలు ముద్ర పడటానికి మూడుసార్లు అద్దవలసి వచ్చింది. అప్పటి నుంచి పేటలో ఏ ఆడపిల్లకు పాత తీర్పు కావాలన్నా అర్జీ నేను రాసేదాన్ని, తోడు ఆమె వెళ్లేది. గుడ్డ సంచీ భుజాన వేసుకుని, భయపడే ప్రతి పిల్లకూ ఒకటే మాట చెప్పేది: "కోర్టు దాస్తదే. మనమే పారేస్తం."

ఆమె దినాలు అయిన వారానికి భవాని పేట్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. బిడ్డ తన దగ్గరే ఉండాలని కోర్టు ఇచ్చిన ఆర్డరు పోయిందట. "పెద్దమ్మ లేదా?" అంది. మేకుకు వేలాడుతున్న ఆ సంచీ తీసుకుని నేనే బయల్దేరాను. రికార్డు గది కిటికీలోంచి గుమాస్తా సంచీని చూసి, "ఆజీ నాహీ ఆల్యా?" అన్నాడు. అవ్వ రాలేదా అని. చెప్పాను. అతను అర్జీ అందుకుని, రిజిస్టరు కోసం తనే నిచ్చెన ఎక్కాడు.

కేసు నంబరు దొరికింది. మెట్లు దిగుతూ ఆ అమ్మాయి నంబరు రాసిన చీటీ పదే పదే చూసుకుంటోంది. అప్పుడు గమనించాను, సంచీ కుట్లలోంచి సన్నటి పొగాకు పొడి నా తెల్లచీర మీదికి రాలుతోంది.

అశోక్ చౌక్ దాటి ఇల్లు చేరేదాకా దులపలేదు.