అక్కగారి చేతుల్లో వణికిన స్టీరింగు

కొత్తపేటలో మా షెడ్డుకు బండి బాగుచేయించుకోవడానికి వచ్చేవాళ్ళు కొందరైతే, నా మాటలు వినడానికి వచ్చేవాళ్ళు మరికొందరు. ఎనిమిదో తరగతిలో లెక్కల పరీక్ష రోజున బడి గోడ దూకి బయటపడ్డవాణ్ణి, మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. చదువు లేని లోటును నోటితో పూడ్చుకున్నాను. పొగ కక్కే బండిని చూసి నేను ఏదో ఒకటి అంటాను. పక్కన టీ బడ్డీ దగ్గరున్న నలుగురూ నవ్వుతారు. బండిగలాయన కూడా నవ్వుతాడు. నవ్వినవాడు నా పని మీద అనుమానపడడు. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళుగా తెలుసు. దాన్ని వాడుకుంటూనే వచ్చాను.

ముక్తేశ్వరం నుంచి ఒకావిడ కారు తెచ్చేవారు. నలభై అయిదేళ్ళుంటాయి. నేను అక్కగారూ అని పిలిచేవాణ్ణి. అందుచేత వాళ్ళాయన నాకు బావగారయ్యారు. ఆయన గల్ఫులో చాలాకాలం పనిచేసి, కుడికాలి మీద ఇనుప దూలం పడడంతో తిరిగి వచ్చేశారు. నడుస్తారు గానీ ఆ పాదంలో పట్టు లేదు. బ్రేకు మీద వేయబోతే ఎక్కడ పడుతుందో ఆయనకే తెలియదు. ఒకసారి సెలవులో వచ్చినప్పుడు మోజుపడి కొన్న పాత చిన్న కారు పాకలో ఊరికే పడి ఉంటే, అక్కగారు అమలాపురం వెళ్ళి డ్రైవింగు నేర్చుకుని దాన్ని రోడ్డెక్కించారు. ఆయన పక్క సీట్లో కూర్చునేవారు, మూతి బిగించుకుని.

వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాల మొక్కు మా వైపు అందరూ ఎరిగినదే. వరసగా ఏడు శనివారాలు వెళ్ళాలి, వెళ్ళినప్పుడల్లా గుడి చుట్టూ ఏడుసార్లు తిరగాలి. మధ్యలో ఒక్క వారం తప్పినా లెక్క మళ్ళీ ఒకటి నుంచే. భర్త కాలు కోసం అక్కగారు ఆ మొక్కు మొక్కుకుని, దానికి ఇంకో ముడి కూడా వేసుకున్నారు. ఏడు వారాలూ ఆయన్ని తానే కారు నడిపి తీసుకెళ్ళాలని. ఈ మాట ఆవిడే నాకు చెప్పారు, మొదటి వారం గాలి కొట్టించుకోవడానికి ఆగినప్పుడు. చెప్పి కొంచెం సిగ్గుపడ్డారు కూడా.

రెండో శనివారం తిరుగుప్రయాణంలో మళ్ళీ ఆగారు.

"మేస్త్రిగారూ, స్టీరింగు వణుకుతోందండీ."

"మా బావగారు పక్కన కూర్చుంటే కారుక్కూడా భయమేనండీ," అన్నాను. టీ దగ్గర నవ్వులు.

ఆవిడ నవ్వలేదు. "అలాక్కాదండీ. నలభై దాటేదాకా ఏమీ ఉండదు. దాటేక ఎడం చక్రం చిన్న గుంటలో పడితే చాలు, స్టీరింగు అటూ ఇటూ ఊగిపోతుందండీ. మళ్ళీ ముప్ఫైకి దింపితేగాని ఆగదు. కుడి చక్రం పడితే రావట్లేదండీ. ఎడందే."

డాక్టరు దగ్గర రోగి కూడా తన నొప్పిని ఇంత వివరంగా చెప్పడు. ఏ స్పీడులో, ఏ పక్కన, దేనివల్ల మొదలై, దేనివల్ల ఆగుతుందో అన్నీ చెప్పారు. ఆ మాటల్లోనే జబ్బు పేరుంది. నేను వినలేదు. వింటున్నట్టు తలాడించి, ఆ పక్కనున్నవాళ్ళకు చెప్పబోయే తర్వాతి మాట ఆలోచించుకుంటున్నాను.

అయినా పని చెయ్యకపోలేదు. టైర్లలో గాలి చూశాను. రావులపాలెం పంపి ముందు చక్రాలకు బ్యాలెన్సింగు చేయించాను. మూడో వారం కూడా వణికిందంటే, ముందు టైర్లు వెనక్కీ వెనకవి ముందుకీ మార్చాను. రిమ్ములు వంగాయేమో తిప్పి చూశాను. జాకీ మీద లేపి, ఎడమ చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాను. అలా ఊపితే బేరింగు సంగతి తెలుస్తుంది. బాగానే ఉంది. అదే చక్రాన్ని కుడీ ఎడమా పట్టుకుని ఊపితే, దాన్ని స్టీరింగుతో కలిపే కీలు సంగతి తెలుస్తుంది. అది మాత్రం ఊపలేదు. ఎందుకంటే ఆ కీలును ఎండాకాలంలో కొత్తది మార్చింది నేనే. నేను వేసినదాన్ని నేనే అనుమానించడమేమిటి అనుకున్నాను.

తర్వాత రోడ్డు మీద నడిపి చూశాను. అవి సార్వా వరి కోతల రోజులు. మా షెడ్డు ముందు నుంచి చాలా దూరం వరకు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్ళూ కొబ్బరి మట్టలూ అడ్డం పెట్టి ఉంది. మిగిలిన సగంలో ఎదురొచ్చే బండ్లను తప్పించుకుంటూ వెళ్ళి వచ్చాను. ముప్ఫై దాటలేదు. ముప్ఫై దాటకుండా నడిపితే నలభై దాటాక వచ్చే వణుకు ఎలా వస్తుంది? ఇది తెలుసుకోవడానికి లెక్కల పరీక్ష రాయనక్కర్లేదు. ధాన్యం లేని ఏటిగట్టు మీదికి తీసుకెళ్ళి చూడవచ్చు. అంత దూరం ఎవరు పోతారని బద్ధకించాను.

నాలుగో శనివారం ఆవిడ కారు ఆపి, ఇంజను కట్టేయకుండానే అన్నారు, "ఇంకా ఉందండీ."

టీ దగ్గర ఆ రోజు జనం ఎక్కువ. బావగారు కారులోంచి విసుగ్గా చూస్తున్నారు. చెయ్యగలిగిన పనులన్నీ అయిపోయాయి, కొత్తగా ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. తెలియదని చెప్పడం నాకు అలవాటు లేదు. నోరు తెరిచాను.

"అక్కగారండీ, కారుకేం లేదండీ. నిక్షేపంగా ఉంది. వణికేది స్టీరింగు కాదు, మీ చేతులండీ. గరిటె పట్టినట్టు పట్టి పులుసు కలిపినట్టు తిప్పితే, అది మాత్రం ఏం చేస్తుంది చెప్పండి?"

షెడ్డు రేకులు లేచిపోయేలా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది బావగారు. గల్ఫు నుంచి వచ్చాక ఆయన నవ్వడం నేను అదే చూడడం. "నేను మొదట్నుంచీ అదే చెప్తున్నానయ్యా, వింటేగా!" అన్నారు. నాకెంత గొప్పగా అనిపించిందో చెబితే మీరు నమ్మరు. అక్కగారు స్టీరింగు మీదున్న తన చేతుల వైపు చూసుకున్నారు. గేరు వేసి వెళ్ళిపోయారు.

మా వైపు వరసలో బావను ఎంతైనా ఆటపట్టించవచ్చు. అక్క జోలికి మాత్రం పోకూడదు. ఆ రోజు నేను బావను నవ్వించడానికి అక్కను వాడుకున్నాను.

అయిదో శనివారం కారు వచ్చింది. స్టీరింగు దగ్గర కొత్తపేటవాడే ఒక డ్రైవరు ఉన్నాడు, నాకంటే పెద్దవాడు, నెమ్మదైన మనిషి. ముందు సీట్లో బావగారు. వెనక సీట్లో తులసిమాల, ప్రసాదం ఉన్న సంచీ ఒళ్ళో పెట్టుకుని అక్కగారు.

"నువ్వలా అన్నాక ఇంక ఆవిడకి తాళం ఇవ్వలేదయ్యా," అన్నారు బావగారు దిగి టీకి వెళ్తూ.

ఆవిడ మొక్కు తప్పిపోయిందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. తానే నడుపుతానన్న మొక్కు నాలుగు దగ్గర ఆగిపోయింది. వెనక సీటు వైపు చూడలేక బానెట్టు తుడుస్తూ నిలబడ్డాను.

డ్రైవరు నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "ఏరా, బండి ఊగుతోంది. నలభై దాటేక ఎడం చక్రం గుంటలో పడితే చాలు, చేతులు లాగేస్తోంది. ఏటిగట్టు మీద నాకు చెమట పట్టేసింది. సరిగ్గా చూడు ఓసారి."

మాటకు మాట అక్కగారు చెప్పిందే. ఈసారి నేను నవ్వలేదు. మీసాలున్నవాడు చెబితే నాకు జబ్బు అర్థమైంది.

సోమవారం డ్రైవరు ఒక్కడే కారు తెచ్చాడు. అతన్ని స్టీరింగు కొంచెం కొంచెంగా అటూ ఇటూ తిప్పమని, నేను కింద పడుకుని ఆ కీలు వైపు చూశాను. కీలు కాడ తన గుంటలో కదులుతోంది. వెంట్రుకవాసి కూడా కదలకూడదు. ఇది బియ్యపుగింజంత కదులుతోంది. నట్టు విప్పి కాడ కిందికి కొట్టాను. కాడతోపాటు నలిగి అరిగిపోయిన రేకుముక్క ఒకటి నా ముఖం మీద పడింది.

అది నాదే. ఎండాకాలంలో కొత్త కీలు వేసినప్పుడు, అది కూర్చునే గుంట అరిగిపోయి వదులుగా ఉంది. గుంట ఉన్న ఆ ఇనుప భాగమే మార్చాలి. అది రాజమండ్రి నుంచి రావాలి. ఈ రెండు రోజులకే కదా అనుకుని, ఆయిలు డబ్బా రేకు కత్తిరించి కాడకు చుట్టి బిగించాను. చక్కగా బిగిసింది. బిగిసిందని సంతోషించి మరిచిపోయాను. ఆవిడకు చెప్పలేదు కూడా.

కింద పడుకునే ఉన్నాను. రావులపాలెం దాటాక ఆ గట్టు రోడ్డు ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఒక పక్క ఏరు, ఇంకో పక్క లోతుగా అరటి తోటలు. కాడ పూర్తిగా జారిపోయి ఉంటే చక్రం దాని ఇష్టం వచ్చినట్టు తిరిగేది. వారం వారం ఆ కారు గట్టు దిగకుండా నిలబడిందంటే, ఆవిడ స్పీడు తగ్గించి, బెదరకుండా పట్టుకోబట్టే. ఆ చేతుల్నే నేను అన్నది.

"ఏంట్రా, దొరికిందా?" అన్నాడు డ్రైవరు.

"ఆయ్, బోల్టు లూజైంది. బావగారితో ఆయిలు మార్చేనని చెప్పు చాలు," అన్నాను. రేకుముక్క జేబులో వేసుకున్నాను.

రాజమండ్రి నుంచి సామాను తెప్పించి సరిగ్గా బిగించాను. నిజం చెప్పకపోయినా కారు బాగైంది కదా, లెక్క సరిపోయింది అనుకున్నాను. నా లెక్కలు ఎప్పుడూ ఇంతే. ఆరో శనివారం బావగారు దూరం నుంచే చెయ్యి ఊపుతూ దిగారు.

"నువ్వు చెప్పింది అక్షరాలా నిజమయ్యా! డ్రైవరు చెయ్యి కుదిరేసరికి బండి వెన్నలా పోతోంది. వణుకూ లేదు, గిణుకూ లేదు. ఇంక ఆవిడ్ని స్టీరింగు ముట్టుకోనివ్వను!"

వెనక సీట్లో అక్కగారు నా వైపు చూశారు. అడుగుతున్నట్టు చూశారు. నేను దొంగతనంగా చేసిన మరమ్మతు ఆవిడకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతోంది. నోరు తెరిస్తే చాలు.

"ఆయ్," అన్నాను బావగారితో, అవునన్నట్టు.

ఆ ఒక్క మాటకు నేను ఇప్పటికీ తలదించుకుంటాను. పులుసు మాట తెలియక అన్నాను. ఇది తెలిసి అన్నాను.

మంగళవారం ముక్తేశ్వరం వెళ్ళాను. బావగారు ఇంట్లో లేరు. పెరట్లో దింపిన కొబ్బరికాయలు రాశి పోస్తున్నారు అక్కగారు. నిలబడే అంతా చెప్పాను. రేకు సంగతి, బోల్టని అబద్ధం చెప్పిన సంగతి. ఒక్క వెటకారం కూడా లేకుండా అంతసేపు మాట్లాడడం నాకు అదే మొదటిసారి. మధ్యమధ్య మాట తడబడింది.

"మీ చేతులు కాదని మీకు తెలుసు కదండీ," అన్నాను చివరికి, ఎందుకో.

"నాలుగో వారం దాకా తెలుసండీ," అన్నారావిడ. "మీరందరూ నవ్వేక తెలీలేదు. రోజూ పొద్దున్నే గ్లాసు నిండా నీళ్ళు పోసి, చెయ్యి చాపి పట్టుకుని చూసుకుంటున్నానండీ. తొణుకుతాయేమోనని."

"తొణికేయాండీ?"

"చూసుకుంటుంటే తొణుకుతాయండీ. ఎవరికైనా."

నేను క్షమించమని అడగబోయాను. ఆవిడ ఆపేశారు. "నాకు కాదండీ చెప్పాల్సింది. నవ్వినచోట చెప్పండి."

ఏడో శనివారం అందరూ ఉన్నారు. బావగారు, డ్రైవరు, టీ దగ్గర ఎప్పుడూ ఉండేవాళ్ళు. వెనక సీట్లో ఆవిడ. నేను షెడ్డు మధ్యలో నిలబడి, "అక్కగారి చేతులు వణకలేదండీ. తప్పు నాది. కీలుకి రేకు చుట్టి మర్చిపోయేను. అదే ఊగింది," అన్నాను.

అందరూ గొల్లున నవ్వారు.

"ఏవయ్యా, మా ఆవిణ్ణి ఏడిపించి ఇప్పుడు బుజ్జగిస్తున్నావా?" అన్నారు బావగారు కళ్ళు తుడుచుకుంటూ. "రేకంట, రేకు!"

జేబులోంచి తీసి చూపించాను. ఇంకా నవ్వారు. ఇన్నేళ్ళూ నా ముఖం చూస్తే నవ్వాలని వాళ్ళకు నేర్పింది నేనే. నిజం చెప్పేటప్పుడు వేరే ముఖం ఎక్కణ్ణుంచి తెచ్చుకోను? మళ్ళీ మొదటి నుంచి చెప్పాను, ఏ నెలలో, ఏ డబ్బా రేకు, ఎందుకు చుట్టానో. ఎవరూ వినడం లేదు.

అప్పుడు డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టాడు. "నవ్వకండి. అయిదో వారం నాక్కూడా ఊగింది. చేతులు లాగేసేయి. ఆరో వారం బాగుందంటే, మధ్యలో ఈడు బాగుచేసేడు కాబట్టే."

నవ్వు ఆగిపోయింది. ఆవిడ మూడు వారాలు చెప్పినా ఆగనిది, అతను ఒక్కసారి చెబితే ఆగింది. అది కూడా అందరం చూశాం.

బావగారు లేచారు. డ్రైవరు దగ్గర తాళం తీసుకున్నారు. ఆవిడ చేతికి ఇవ్వలేదు, బానెట్టు మీద పెట్టారు. అక్కగారు వెనక తలుపు తీసుకుని దిగి, తాళం తీసుకుని, ముందు కూర్చున్నారు. "ఎక్కండి," అన్నారు ఆయనతో. ఆయన కాలు ఈడ్చుకుంటూ అటు తిరిగి వెళ్ళి ఎక్కారు. నా వైపు ఇద్దరూ చూడలేదు.

తర్వాతి శనివారం నుంచి మొక్కు మళ్ళీ ఒకటో వారం. కారు పొద్దున్నే మా షెడ్డు ముందు నుంచి వెళ్తుంది, మధ్యాహ్నం తిరిగి వెళ్తుంది. ఆగదు. రావులపాలెంలో ఎవరో మెకానిక్కు చేత ముందు భాగమంతా విప్పించి చూపించుకున్నారని విన్నాను. మంచి పని చేశారు. నేనైనా అదే చేద్దును.

మొన్న టీ దగ్గర ఒకాయన, "ఏంటి మేస్త్రీ, అక్కగారు ఈ మధ్య మన దగ్గర ఆగట్లేదు?" అన్నాడు. అందరూ నా నోటి వైపు తిరిగారు.

"ఆవిడ నన్ను నమ్మరండీ," అన్నాను.

ఆయన నవ్వడానికి సిద్ధంగా ఇంకాసేపు నా ముఖం చూసి, ఇంకేమీ రాకపోయేసరికి టీ తాగేశాడు.