చాయ్ గ్లాసు పట్టుకుంటే ఆగిపోయే వణుకు

ఈ ప్రయాణం సరదాగా కాదు, ఒళ్లు మండి మొదలైంది. గోదావరిఖని నుంచి అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మీ బావ డ్యూటీల పడ్డడట. తోటోళ్లు లేపలే, నవ్విండ్రట." బావ బొగ్గు గనిలో సపోర్ట్‌మన్, అంటే పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మనిషి. పడ్డవాణ్ణి చూసి నవ్వడమేమిటని మీరు అడగవచ్చు. ఇక్కడ కార్మికుడు అన్‌ఫిట్ అని తేలితే ఇంట్లో ఒకరికి ఉద్యోగం వచ్చే వీలుంది. అందుకని ఎవరి చేయి వణికినా కార్మికుల కాలనీకంతా ఒకటే అనుమానం, పిల్లల ఉద్యోగం కోసం నాటకం మొదలుపెట్టాడని. బావ కుడిచేయి రెండేళ్లుగా వణుకుతోంది. ఊరికే కూర్చుంటే వణుకుతుంది, చాయ్ గ్లాసు పట్టుకుంటే ఆగిపోతుంది. ఇంకేం, నాటకానికి రుజువు దొరికిపోయింది. ఆ మాట పడలేక బావ ఏ డాక్టరుకీ చూపించుకోలేదు. చేయి జేబులో దాచుకుని రోజూ గనిలోకి దిగాడు. ఆ చేత్తో నిలబెట్టిన దుంగల కిందే నవ్వినవాళ్లూ పనిచేస్తున్నారు. ఆ సంగతి ఒక్క బుర్రకీ తట్టలేదు.

హైదరాబాద్ నుంచి రైల్లో రామగుండానికి నాలుగు గంటలు, అక్కడి నుంచి ఖనికి షేర్ ఆటో. బావను ఒప్పించి, మరునాడు పొద్దున ఆరున్నర బస్సుకు కరీంనగర్ నరాల డాక్టరు దగ్గరికి ముగ్గురం బయల్దేరాం. బస్టాండుకు తీసుకెళ్లిన ఆటో అతను కాలనీవాడే. "ఏంది కాక, సర్టిఫికెట్‌కా? జర గట్టిగ వణికియ్యి, ఇస్తరు" అన్నాడు. బావ తల దించుకున్నాడు. "నీ బండి నువ్వు సూస్కో" అన్నాను. "ఉత్తగ అన్న అన్నా, గంత గుస్సెందుకు?" ఉత్తగ అనడంతోనే కదా రెండేళ్లు పోయాయి.

ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు బస్సు ఉచితం, టికెట్ మా ఇద్దరికే. బసంత్‌నగర్ దగ్గర సిమెంటు లారీల వెనకాల బస్సు నత్తనడక నడిచింది. అప్పుడు అక్క నా చెవిలో, "ఇంట్ల గా చేత్తోనే మంచిగ తింటడు తమ్మీ. నాకు గూడ డౌటే" అంది. కట్టుకున్న మనిషి కూడా ఇంతేనా అని నాకు కోపం ముంచుకొచ్చింది. లేచి బావ పక్క సీట్లోకి మారాను.

ఎనిమిదిన్నరకు టోకెన్ తీసుకుంటే పదింటికి పిలిచారు. డాక్టరు బావను అటూ ఇటూ నడిపించాడు. కుడిచేయి ఊగడం లేదు, ఒంటికి అతుక్కుపోయినట్టుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని వంద నుంచి వెనక్కి లెక్కపెట్టమంటే వణుకు ఎక్కువైంది. అక్క ఉండబట్టలేక, "గ్లాసు పడితే ఆగుతది సారు" అంది.

"అదే గుర్తమ్మా. ఈ జబ్బులో వణుకు అలాగే ఉంటుంది" అన్నాడు డాక్టరు. జబ్బు పేరు పార్కిన్సన్స్.

బావ పనేమిటో తెలుసుకుని ఆయన ఓపిగ్గా చెప్పాడు. మెదడులో పేరంతా నాడీకణాలది. వాటికి తిండి అందించేవి, చెత్త ఎత్తేవి, కాపలా కాసేవి వేరే కణాలు, సహాయక కణాలు. "మా పనే సారు" అన్నాడు బావ. "బొగ్గు కొట్టెటోనికే పేరు, కప్పు నిలిపెటోణ్ని ఎవ్వలు సూడరు." డాక్టరు తలూపాడు. ఈ జబ్బులో ఆ కాపలా కణాలే రేగిపోయి, కాపాడాల్సిన నాడీకణాలను ఇంకా దెబ్బతీస్తాయని పరిశోధనలు చెబుతున్నాయట. దాన్ని ఆపే మందు ఇంకా రాలేదు. వణుకూ బిగుతూ తగ్గించే మందులు మాత్రం ఉన్నాయి. "అంటే మనోళ్లే మనల్ని కొట్టవట్టిండ్రన్నట్టు" అన్నాడు బావ, చాలా మామూలుగా. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇక గనిలోకి దిగొద్దని డాక్టరు రాసిచ్చాడు. "దిగకుంటే నాటకమోడే అంటరు సారు" అని బావ ఆ కాగితం తీసుకోలేదు. అక్క తీసుకుంది. "అననియ్యి. అందరికి నేనే జెప్త. ఇంట్ల ముందుగాల డౌట్ పడ్డది నేనే గద" అంది ఏడుస్తూ.

తిరుగు బస్సులో నా కోపం ఎవరి మీదని తేల్చుకోలేకపోయాను. ఆటో అతని మీదా, కాలనీ మీదా, అక్క మీదా? సహాయక కణాలకైనా తామేం చేస్తున్నాయో తెలియదు, మాకు నోళ్లున్నాయి, కళ్లున్నాయి.

మీ ఇంట్లోనూ ఇలా ఉంటే ఒక్క పని చేయండి. మనిషి ఊరికే కూర్చున్నప్పుడూ నడుస్తున్నప్పుడూ ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకు చూపించండి, తీసిన తేదీని బట్టి ఎప్పటి నుంచి ఉందో ఆయనకు తెలుస్తుంది. మాకు కొత్తగా తీయాల్సిన అవసరం రాలేదు. రెండేళ్ల కిందట ఓ పెళ్లిలో తీసిన వీడియో నా ఫోన్‌లోనే ఉంది. బావ చేయి వణుకుతుంటే తీసి, కింద నవ్వు బొమ్మలు పెట్టి, చుట్టాల గ్రూపులో పంపింది నేనే.