పట్టల మీద లేచిన బండి

మొన్న అనంతపురంలో సిగ్నలు దగ్గర ఆగితే, ముందున్న పాత బైకు ఒకటి నా ముఖాన నీలం పొగ వదిలింది. పెట్రోలులో ఆయిలు కలిపి కాల్చే పొగ. పక్కవాళ్ళు ముక్కు మూసుకున్నారు. నేను గట్టిగా పీల్చుకున్నాను. డాక్టర్లు ఒప్పుకోరు గానీ, నాకది మాబన్న వాసన.

మాబన్న, అంటే మహబూబ్ బాషా, బెళుగుప్పలో బైకు మెకానిక్కు. ఆయన షెడ్డు పక్కనే నా సెల్‌ఫోను రిపేరు కొట్టు ఉండేది. నాకు పని తక్కువ, నోరు ఎక్కువ. ఆయన నాకు పూర్తిగా తిరగేసిన మనిషి. పాత సామాన్లలో దొరికిన, ఆ నీలం పొగే వదిలే బైకు ఇంజనొకటి ముందు పెట్టుకుని, నేలకు తగలకుండా గాలి మీద తేలే బండి చేస్తానని కూర్చున్నాడు. హోవర్‌క్రాఫ్టు అంటారట. నీళ్ళ మీద కూడా పోతుందట.

"బండి అయితాది సరే, నీళ్ళు యాడ తెస్తావన్నా?" అన్నాను.

"నీళ్ళు దేవుని పని, బండి నా పని. ఎవురి పని వాళ్ళు చేస్తే సాలప్పా" అన్నాడు తల ఎత్తకుండానే.

ప్లైవుడ్ పలక, మధ్యలో లారీ రేడియేటరు ఫ్యాను, కింద గాలి నిలవడానికి చుట్టూ కుచ్చిళ్ళలా కుట్టిన ఫ్లెక్సీ. అది ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. ఇంజను ఆడితే ఆయన చెంపలు ఉబ్బేవి. ఆయన జనానికి పనికొచ్చింది అప్పుడే.

ఎనిమిది నెలలు షెడ్డులో సగం ఆ బండిదే. ఆ సగంలో పిండిమర పెట్టుకోవాలని మాబన్న భార్య రమీజక్క ఆశ. ఒకరోజు నా ముందే తేల్చేసింది: "శుక్రవారం లేస్తే సరే. లేకుంటే శనివారం పాత సామాన్లోనికి ఏసేస్తా. ఈడ మర రావల్ల."

"సరే" అన్నాడు మాబన్న. ఆయన సరే అంటే సరేనే. నేను సరే అంటే చూద్దామని.

ఊళ్ళో గోడౌను ఉంది, దాని సిమెంటు నేల మీద లేపుదామన్నాడాయన. నేనే ఒప్పుకోలేదు. "చెరువులో పెట్టన్నా, ఊరంతా సూస్తాది" అన్నాను. చెరువంటే ఎండిపోయిన చెరువు. శుక్రవారం సాయంత్రం జనమంతా కట్ట మీద చేరారు. ఇంజను అరిచింది, దుమ్ము లేచింది, జనం లేచి నిలబడ్డారు. బండి తప్ప అన్నీ లేచాయి.

"ఏం మాబన్నా, గుడ్లు పెడతాందా?" అని ఒకాయన కేకేశాడు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. అలవాటు.

మాబన్న ఇంజను ఆపి, వంగి, నేలలోకి చేయి పెట్టాడు. మణికట్టుదాకా దిగింది. ఎండిన బంకమన్ను నిలువునా నెర్రెలిచ్చింది. బండి కింద నిలవాల్సిన గాలంతా ఆ నెర్రెల్లోకే పోతోంది. ఈ చోటు ఎంచింది నేనని ఆయన చెప్పలేదు. "బండిని కొలిచినా గానీ నేలను కొల్చలేదప్పా. తప్పు నాదే" అన్నాడు, కట్ట మీదికి వినబడేలా.

"ట్యాంకరు తెప్పించి తడిపిద్దామన్నా?" అన్నాను సిగ్గుతో.

ఆయనకు కోపం రావడం అప్పుడే చూశాను. "తాగే నీళ్ళు నేలకు పోస్తామా?" అన్నాడు. కట్ట మీది జనం వైపు తిరిగి, "పట్టలుండాయా?" అని అడిగాడు.

వేరుశనక్కాయలు ఆరబోసే టార్పాలిను పట్ట లేని ఇల్లు మా దగ్గర లేదు. మొదట కదిలింది గుడ్ల సంగతి అడిగిన ఆయనే. అరగంటలో నీలం, పసుపు పట్టలు అంచు మీద అంచుగా పరుచుకున్నాయి. గాలికి లేవకుండా వాటి మీద బరువు కావాలి. "కూచోండప్పా" అన్నాడు మాబన్న. ఊరంతా రెండు వరుసలుగా, విందుకు కూర్చున్నట్టు అంచుల మీద కూర్చుంది. రమీజక్క కూడా కూర్చుంది. నేనూ కూర్చున్నాను, నా ఒంటికి ఒక ఉపయోగం దొరికింది.

ఇంజను మళ్ళీ అరిచింది. బండి నాలుగు వేళ్ళ ఎత్తు లేచింది. మాబన్నను మోసుకుని, మా మధ్య నుంచి, దేనికీ తగలకుండా, చెరువు వాలు వెంట ఇరవై అడుగులు జారింది. నాకు జోకు తట్టలేదు, కంట్లో దుమ్ము పడింది. అక్కడ దుమ్ముకు కొరత లేదు కాబట్టి ఎవరూ అనుమానించలేదు.

శనివారం పొద్దున వెళ్ళేసరికి ఆయన బండిని విప్పుతున్నాడు.

"లేచింది కదన్నా!"

"లేచింది, సూసినా. ఇంక దానికి చోటెందుకు?"

"ఇంకో వారం ఉండనీలే" అంటోంది రమీజక్క, మర సంగతి తనే మరిచిపోయినట్టు. ఆయన నవ్వి ఇంకో బోల్టు విప్పాడు.

మాబన్న ఇప్పుడు లేడు. నా నోరు మాత్రం అలాగే ఉంది. ఎవరైనా వచ్చి, జరిగే పని కాదనిపించేది ఏదో మొదలుపెట్టామంటే, జోకు ముందే నాలుక మీదికొస్తుంది. దాన్ని కాసేపు ఆపి, "నన్ను ఏ అంచున కూర్చోమంటావన్నా?" అని అడుగుతాను. జోకు కూర్చున్నాక వేస్తాను.